బరువు కంటికి ఆనదు

మోటారు టైరు మీద అక్షరాలుంటాయని నలభయ్యో పడిలో పడేదాకా నాకు తెలియదు. మీకు తెలుసా? తెలిస్తే మీకో నమస్కారం. నాకు తెలిసిందల్లా టైరు నల్లగా వుంటుందనీ, గుండ్రంగా వుంటుందనీ, ముహూర్తానికి గంట టైముందనగా పంచరవుతుందనీ. బి.ఏ.లో చరిత్ర చదువుకున్నదాన్నే గానీ, రాజులెక్కిన రథాల మీద పోయిన ధ్యాస వాటి చక్రాల మీదకి ఎన్నడూ పోలేదు.

పోయేలా చేసింది మా చెల్లెలి వంటిల్లు.

మా చెల్లెలు వాళ్ళుండేది కర్నూల్లో. మరిది పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ వంటలు ఒప్పుకుంటాడు. గుండిగలు, గంగాళాలు, గ్యాసు పొయ్యిలు, బియ్యం మూటలు – ఇవన్నీ మోయడానికి సెకండు హాండులో ఒక సామాన్ల వ్యాను కొన్నాడు. ఆ మధ్య సొంత ఇల్లు కట్టుకుంటూ, వంటింటి గట్టుకీ అరలకీ నాపరాళ్ళు కావాలని బేతంచెర్లకి బయల్దేరారు. బండి ఎలాగూ మనదే, కిరాయి డబ్బులు మిగుల్తాయి కదా అని చెల్లెలి ఆలోచన. ఆడవాళ్ళం మిగుల్చుకునే డబ్బు ఎప్పుడూ అలాంటి చోటే వుంటుంది! ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, అంగుళంన్నర మందం రాళ్ళు పది. వాటిని ఒక పక్కకి ఒరగబెట్టి, మధ్యలో గోనెపట్టాలు దోపారు. డ్రైవరు పక్కన చెల్లెలు, దాని కొడుకు. తిరిగి వస్తుంటే దారిలో వెనక కుడివైపు టైరు ఫిరంగి పేలినట్టు పేలింది. బండి రెండు వంకర్లు తిరిగి, రోడ్డు పక్క తుమ్మచెట్టుకి మూడడుగుల ఇవతల ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ మూడడుగులూ ఏ దేవుడు కొలిచి పెట్టాడో గానీ, ఫోనులో చెల్లెలి గొంతు విన్నాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు బస్సెక్కి వెళ్ళాను. మరిది ఇంకా ఆశ్చర్యంలోనే వున్నాడు.

“అదే అర్థం కాలేదు వదినా. ఏసింది పది రాళ్ళే. బండి సగం గూడ నిండలేదు. పెండ్లి సామాన్లు నిండా తొక్కి ఎన్ని తూర్లు తిప్పినాను, ఏనాడూ కాలేదు.”

టైర్ల కొట్టు సాయిబు గారు పెద్దాయన. పేలిన టైరుని దొర్లించుకొచ్చి, తడిగుడ్డతో పక్క తుడిచి, నా వేపు తిప్పారు. “సదువుకున్నోళ్ళు గదా, ఇది సదవండమ్మా” అన్నారు. చదివాను. 185, ఒక గీత, 70, ఆర్, 14, ఆ తరవాత కాస్త ఎడంగా 88, దాని పక్కన టి. ఇంగ్లీషు రామాయణమైనా అర్థమయ్యేది గానీ, ఇది అర్థం కాలేదు.

“ఇది కారు టైరమ్మా. ముందు బండి అమ్మినోడు రేటు తక్కువని ఏసినాడు. సైజు సరిపోతాది, సక్రానికి ఎక్కుతాది, సూడ్డానికి ఒగటే. ఆ 88 అనేది మాత్రం ఎవురూ సూడరు. బండి నిండిందా లేదా అని టైరుకేం తెలుస్తాది? అది మోసేది బరువును, సామాన్లను గాదు.”

ఆ చివరి మాట నన్ను పట్టుకుంది. అక్కణ్ణుంచి నేను వెనక్కి, ఎక్కడెక్కడికో వెళ్ళిపోయాను. రండి, మీరూ కాస్త దూరం రండి.

* * *

మన కర్నూలు, కడప సీమల్లో బరువు కంటిని ఎంతగా మోసం చేస్తుందో మరెక్కడా చెయ్యదేమో. ఒక పక్క ఆదోని పత్తి. ఒత్తకుండా బోరాల్లో కూరితే బండి మేడంత ఎత్తు కనిపిస్తుంది, తూచబోతే ఏమీ వుండదు. అదే పత్తిని మిల్లులో ఒత్తి బేలు కడితే 170 కిలోలు. ఇంకో పక్క నాపరాయి. ఘనపుటడుగు రాయి ఇంచుమించు 75 కిలోలు తూగుతుంది. మా చెల్లెలు కొన్న ఒక్కొక్క రాయీ ఒకటిన్నర ఘనపుటడుగులు, అంటే 110 కిలోల పైమాటే. పది రాళ్ళకి పదకొండు వందల కిలోలు! అవి వ్యానులో ఆక్రమించిన చోటు చూస్తే మన బట్టల బీరువా అంత కూడా లేదు. ఇక మంగంపేట ముగ్గురాయి సంగతి చెప్పనే అక్కర్లేదు. మనం వాకిట్లో చిటికెడు చిటికెడుగా వదిలే తెల్లటి పొడే గదా అనుకుంటాం. అది మామూలు రాయికి ఒకటిన్నర రెట్లు బరువు. చమురు బావులు తవ్వేవాళ్ళు దాన్ని సముద్రాల అవతలికి తెప్పించుకునేది కూడా ఆ బరువు కోసమే.

వంటింట్లో మనకి రెండు రకాల కొలతలున్నాయి, గమనించారా? గిద్ద, సోల, తవ్వ, మానిక – ఇవి కంటి కొలతలు. పాత్ర నిండితే కొలత పూర్తయినట్టే. వీశె, మణుగు, బారువ – ఇవి తూకాలు. మద్రాసు లెక్కలో మణుగంటే 25 పౌన్లు, ఇరవై మణుగులు ఒక బారువ, అంటే 500 పౌన్లు, ఇప్పటి లెక్కలో సుమారు 227 కిలోలు. 1958 నుంచి కిలోలొచ్చి ఇవన్నీ వెనక్కి తగ్గాయి గానీ, మన బుద్ధి మాత్రం ఇంకా మానిక దగ్గరే వుంది. నిండిందా లేదా అనే చూస్తాం. మా మరిది చూసింది కూడా అదే.

ఇలాంటి బరువుల్ని వెనకటి వాళ్ళెలా మోశారు? 1800లో నిజాం ఈ సీమని ఇంగ్లీషు వాళ్ళకి దత్తం చేసినప్పుడు దొర మన్రో ప్రధాన కలెక్టరుగా వచ్చి 1807 దాకా వున్నాడు. (ఆయన మళ్ళీ మద్రాసు గవర్నరుగా ఇటు పర్యటనకొచ్చి 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో పోయాడు.) ఆ రోజుల్లో బండి నడిచే బాటలే తక్కువ. ఉప్పయినా, ధాన్యమైనా లంబాడీల ఎద్దుల వీపుల మీదే ప్రయాణం చేసేది. ఎద్దుకి అటొకటి ఇటొకటి వేళ్ళాడే జంట గోనెసంచిని పెరికె అనేవారు, దాన్ని మోసేది పెరికెద్దు. 1830లో ఏనుగుల వీరాస్వామయ్యగారు మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి కడప, అహోబిలం, శ్రీశైలం మీదుగా వెళ్ళారు. ఎద్దుకి పెరికె, మనిషికి పల్లకీ! ఎవరి మీద ఎంత బరువు పడుతున్నదో ఆ మోసేవాడి రొప్పే చెప్పేది. వీపుకి నోరుంది. చక్రానికి నోరు లేదు. చిక్కంతా అక్కడే మొదలయిందని నాకనిపిస్తుంది.

* * *

మా నాయనమ్మది కోవెలకుంట్ల దగ్గర పల్లె. రేగడి నేల. వాన పడిందంటే ఇనుప పట్టా వేసిన సన్న చక్రం ఇరుసుదాకా దిగబడేది. ఆ చక్రాల తయారీ గురించి ఆవిడ చెప్తుంటే నోరు తెరుచుకుని వినేవాళ్ళం. కొయ్య చక్రం కన్నా ఇనుప పట్టాని కాస్త చిన్నదిగా చేసి, పిడకల మంటలో ఎర్రగా కాల్చేవారు. కాలినప్పుడు పట్టా సాగి చక్రానికి ఎక్కుతుంది. వెంటనే బిందెలతో నీళ్ళు పొయ్యగానే బిగుసుకుని ఆకుల్నీ కుండనీ కరిచి పట్టుకుంటుంది. వూళ్ళో ఆడవాళ్ళంతా నీళ్ళ బిందెలతో నిలబడాల్సిందేనట. “సక్రం బిగిచ్చింది మేమే” అనేది మా నాయనమ్మ, మీసం వుంటే మెలేసేదే.

ఆవిడ చెప్పిన ఇంకో సంగతి నాకప్పుడు అర్థం కాలేదు, ఇప్పుడవుతోంది. బండికి బస్తాలెత్తాక, ఎద్దుల్ని కట్టబోయే ముందు సేద్యగాడు కాడిని ఒక్క చేత్తో ఎత్తి చూసేవాడట. మరీ బరువుగా వుంటే బరువు ముందుకి పడిందన్నమాట, ఎద్దుల మెడలు కాయలు కాస్తాయి. మరీ తేలిగ్గా లేస్తే బరువు వెనక్కి పోయింది, ఎత్తెక్కేటప్పుడు కాడి పైకి లేచి పలుపుతాళ్ళు గొంతుకి బిగుసుకుంటాయి. అందుకని బస్తాల్ని ముందుకీ వెనక్కీ జరిపి, కాడి మణికట్టుకి సుఖంగా తోచేదాకా సర్దేవాడు. మొత్తం ఎంత బరువు అన్నది ఒక ప్రశ్న. అది ఎక్కడ పడుతున్నది అన్నది రెండో ప్రశ్న. ఏ బడికీ పోని ఆ సేద్యగాడు రెండూ అడిగేవాడు. బి.కాం. చదివిన మా మరిది ఒక్కటీ అడగలేదు.

ఇనుప పట్టాకి బదులు నీళ్ళ మీద బరువు లాగితే సులువు కదా అని కాటన్ దొర వాదించేవాడు. ఆ వాదం వూపులోనే మద్రాసు ఇరిగేషన్ కంపెనీ అనేది పుట్టి, తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర ఆనకట్ట కట్టి, కర్నూల్లో హంద్రీ నది మీదుగా దాటించి, కడప దాకా సుమారు 190 మైళ్ళ కాలవ తవ్వింది. అదే మన కె.సి. కెనాలు. పొలాలకు నీళ్ళివ్వడానికే కాదు, పడవలు నడపడానికి కూడా అని లాకులు సైతం కట్టారు. 1871 నాటికి పని పూర్తయింది. కానీ పడవల వ్యాపారం కంపెనీ కలలు కన్నంతగా ఎన్నడూ సాగలేదు. కంపెనీ అప్పుల్లో మునిగింది, చివరికి 1882లో ప్రభుత్వమే కొనేసింది. నీళ్ళ మీద బరువు తేలుతుంది, అప్పు తేలదు!

* * *

సరిగ్గా ఆ కాలంలోనే ధాత కరువొచ్చింది. 1876 ధాత నామ సంవత్సరం, మరుసటేడు ఈశ్వర. వరసగా వానల్లేవు. మద్రాసు నుంచి రాయచూరు పోయే రైలు దారి కడప, గుత్తి, ఆదోని మీదుగా 1871 నాటికే వుంది గానీ, కర్నూలు, నంద్యాల వేపు లోపలి తాలూకాలకి రైలు లేదు. ధాన్యం రైలు స్టేషనుకొచ్చినా అక్కణ్ణుంచి వూళ్ళకి చేరాలంటే బండే దిక్కు. బండికి ఎద్దు కావాలి, ఎద్దుకి గడ్డీ నీళ్ళూ కావాలి. వానలేని చోట అవి ఎక్కణ్ణుంచి వస్తాయి? పశువులు దారుల్లోనే రాలిపోయాయి. చక్రం గట్టిదే, ఇరుసు గట్టిదే. లాగే ప్రాణి లేదు.

మనుషుల సంగతి ఇంకా ఘోరం. కరువు పనుల్లో రాళ్ళు కొట్టీ మట్టి మోసీ కూలి చేసేవాళ్ళకి రోజుకి ఒక పౌను ధాన్యం, పైన ఒక అణా చాలునని 1877 మొదట్లో రిచర్డ్ టెంపుల్ అనే దొర నిర్ణయించాడు. పౌనంటే మన లెక్కలో 454 గ్రాములు. మద్రాసు శానిటరీ కమిషనరు డాక్టరు కార్నిష్, ఇది పని చేసే ఒంటికి చాలదు మొర్రో అని గట్టిగా వాదించాడు. కొన్ని నెలలకి కూలి పెంచారు గానీ, అప్పటికే ఒళ్ళు గుల్లయినవాళ్ళు ఎందరో. 1871 జనాభా లెక్కల్లో కర్నూలు జిల్లా జనం 9,14,432. పదేళ్ళ తరవాత 1881లో 6,78,551. పోయినవాళ్ళూ, వూళ్ళొదిలి వెళ్ళినవాళ్ళూ, పుట్టకుండా ఆగిపోయినవాళ్ళూ అందరూ ఆ తేడాలో వున్నారు. నలుగురిలో ఒకరు!

టైర్ల గురించి చెప్తూ ఈ కథ ఎందుకంటారా? ఎంత మొయ్యగలదో తెలుసుకోకుండా ఎంత మొయ్యాలో ముందు నిర్ణయించేస్తే జరిగేది ఇదే. చక్రం విషయంలోనూ అంతే, ఎద్దు విషయంలోనూ అంతే, ఒక పౌను గింజలు తిని మట్టి తట్ట నెత్తికెత్తుకున్న ఆడకూలి విషయంలోనూ అంతే. ఆ కరువు తరవాతే గుంతకల్లు నుంచి నంద్యాల మీదుగా బెజవాడ వేపు రైలు వేశారు. లెక్క ఆలస్యంగానైనా వేస్తారు. అంతదాకా బతికివున్నవాళ్ళకి అది పనికొస్తుంది.

* * *

ఇంక రబ్బరు కథ. అమెరికాలో గుడ్‌యియర్ అనే ఆయన 1839లో రబ్బరుకి గంధకం కలిపి వేడి చేస్తే అది ఎండకి కరక్కుండా, చలికి పెళుసెక్కకుండా నిలుస్తుందని కనిపెట్టాడు. 1888లో డన్‌లప్ అనే పశువైద్యుడు తన పిల్లాడి మూడు చక్రాల సైకిలు కుదుపు తగ్గించడానికి గాలి నింపిన టైరు చేశాడు. పశువైద్యుడు చేసిన చక్రం చివరికి మన పశువుల బండికే వచ్చి చేరింది, చూశారా! మన దేశంలో ఆ డన్‌లప్ పేరున్న కంపెనీ 1936లో బెంగాల్లోని సహాగంజ్‌లో ఫ్యాక్టరీ పెట్టింది. ఎడ్లబళ్ళకి గాలి టైర్లొచ్చాక బరువు దాదాపు రెండింతలు లాగొచ్చని తేలింది. ఆశ కూడా రెండింతలైంది. చక్రం సుఖంగా దొర్లుతుంటే, మెడ ఎంత నలుగుతోందో బండి తోలేవాడికి కనబడదు.

అందుకే 1965లో కేంద్ర ప్రభుత్వం పశుహింస నివారణ కింద ఒక నిబంధనల పట్టిక చేసింది. మధ్యరకం ఎద్దుకి రెండు చక్రాల బండి రబ్బరు టైర్లు లేనిదైతే 700 కిలోలు, గాలి టైర్లుంటే 1050, బాల్ బేరింగులుంటే 1400. అదే వీపు మీద మోస్తే 150. కొండదారిలో ఎత్తు ఎక్కాల్సొస్తే బండి బరువు సగమే. ఆ పట్టిక చూసి నేను కాసేపు అలాగే వుండిపోయాను. సాయిబు గారు చూపించిన 88కి తాతగారు ఇదేనన్నమాట! ఎద్దుకి కూడా అంకె రాసిపెట్టిన దేశం మనది. చదివే అలవాటే తక్కువ.

ఇంతకీ ఆ 88 ఏమిటి? దాన్ని లోడ్ ఇండెక్స్ అంటారు. అది కిలోలు కాదు, కిలోలకి గుర్తు. పట్టికలో చూసుకోవాలి. 80 అంటే ఒక టైరు 450 కిలోలు మొయ్యగలదు. 88 అంటే 560. 91 అంటే 615, 95 అంటే 690, 100 అంటే 800, 102 అంటే 850, 108 అంటే వెయ్యి. ఈ అంకెల నడకలో ఒక తమాషా వుంది. ఒక్కో మెట్టు ఎక్కితే బరువు నూటికి ఇంచుమించు మూడు చొప్పున పెరుగుతుంది. అలా 80 మెట్లెక్కితే సరిగ్గా పది రెట్లు. సున్నా అంటే 45 కిలోలు, 80 అంటే 450, 160 అంటే 4500. ఫ్రెంచి సైన్యంలో రెనార్ అనే ఇంజనీరు బెలూన్లకి కట్టే తాళ్ళ రకాలు 425 వుంటే, ఇలాంటి వరస లెక్క వేసి 17కి తగ్గించాడట. ఆయన ఆ లెక్క కట్టింది 1870లలో. అంటే ఇక్కడ ధాత కరువులో గింజలు తూచి పోస్తున్న రోజుల్లో, అక్కడ ఒకాయన తాళ్ళ బలం లెక్క పెడుతున్నాడు. లోకం పెద్దది.

వ్యాను టైర్ల మీద ఇంకో పాత గుర్తు కూడా వుంటుంది, 6 పి.ఆర్., 8 పి.ఆర్. అని. ఇది మన పత్తి సీమవాళ్ళం ఇష్టంగా చదువుకోవాల్సిన గుర్తు. మొదట్లో టైరు లోపల రబ్బరుకి బలం ఇచ్చింది నూలు బట్టే. నాలుగు పొరల నూలు వేస్తే ఇంత బరువు, ఆరు పొరలైతే ఇంత అని లెక్క. తరవాత రేయాన్ వచ్చింది, నైలాన్ వచ్చింది, 1946లో ఫ్రాన్సులో మిషెలిన్ వాళ్ళు ఉక్కు తీగల రేడియల్ టైరుకి పేటెంటు తీసుకున్నారు. పొరలు తగ్గాయి, బలం పెరిగింది. కానీ లెక్క మాత్రం నూలు పేరనే నిలిచింది. ఇవాళ 8 పి.ఆర్. అంటే లోపల ఎనిమిది పొరలున్నాయని కాదు, వెనకటి ఎనిమిది నూలు పొరలంత గట్టిదని. నూలు పోయినా నూలు మాట పోలేదు.

* * *

సాయిబు గారి కొట్టుకే మళ్ళీ వద్దాం. ఆయన కొత్త టైరు ఒకటి దించి పాతదాని పక్కన నిలబెట్టారు. దాని మీద 185, ఆర్, 14, సి, 8 పి.ఆర్., 102/100. వెడల్పు అదే 185 మిల్లీమీటర్లు, లోపలి చక్రం అదే 14 అంగుళాలు. పక్కపక్కన పెడితే కొత్తది రెండు వేళ్ళంత ఎత్తుందేమో గానీ, విడిగా చూస్తే నాకు రెండూ కవల పిల్లల్లానే వున్నాయి. కానీ ఒకటి 560 కిలోలు మోసేది, రెండోది 850. ‘సి’ అంటే సామాన్ల బండ్లకి చేసిందని. 102/100 అని రెండంకెలెందుకంటే, ఇరుసు కొసకి ఒక్కో టైరే వుంటే మొదటిది, జంట టైర్లు బిగిస్తే ఒక్కోదానికి రెండోది. జంటలో వుంటే ఒక్కొక్కరి బలం కాస్త తగ్గుతుందన్నమాట. మగవాళ్ళు దీన్ని కాపురానికి అన్వయించకుందురు గాక!

బండి పుస్తకం తెప్పించి వంటింట్లో కూచుని లెక్క వేశాను. ఖాళీ బండి 1300 కిలోలు, బరువుతో కలిపి 2500 మించకూడదు. అంటే మనుషులూ సామానూ కలిసి 1200. రాళ్ళు 1100, ముగ్గురు మనుషులు దగ్గర దగ్గర 200. వంద కిలోలు ఎక్కువ! తప్పు అమ్మినవాడిదే కాదు, మాది కూడా. వెనక ఇరుసుకి పుస్తకంలో వున్నది 1600. అంటే టైరుకి 800 పడొచ్చు. దానికి 102 గుర్తున్న టైరే తగింది. అక్కడ వున్నవి 88వి, రెండూ కలిసి 1120 మాత్రమే మోస్తాయి. మొత్తం బరువుని నాలుగుతో భాగించి సరిపోయిందనుకోవడం కూడా పొరపాటే. సామాన్ల బండిలో బరువంతా వెనక్కే పడుతుంది. మా నాయనమ్మ చెప్పిన సేద్యగాడు కాడి ఎత్తి చూసింది ఇందుకే గదా!

“మరి పెండ్లి సామాన్లప్పుడు ఎందుకు పేలలేదు వదినా?” అన్నాడు మరిది.

“గంగాళాలు ఖాళీవి. లోపల గాలే వుంది” అన్నాను. చరిత్ర చదివినదాని నోట అంత తెలివైన మాట రావడం చూసి చెల్లెలు నవ్వింది.

టైరు పేలేది ఒక్క బరువు వల్లే కాదట. బరువెక్కువై, గాలి తక్కువైతే టైరు పక్కలు ప్రతి చుట్టుకీ వంగి లేస్తాయి. వంగి లేచినకొద్దీ వేడి. మన సీమలో ఎండాకాలం గాలే నలభై డిగ్రీలు దాటుతుంది, తారు రోడ్డు సంగతి చెప్పాలా? రబ్బరూ లోపలి పోగులూ పట్టు విడిచి విడిపోతాయి. వేడి పెట్టి గుడ్‌యియర్ గట్టిపరిచిన రబ్బరుని మనం వేడి పెట్టే చంపుతున్నాం. 102 అని రాసివున్న బలం కూడా దానికి చెప్పినంత గాలి నింపితేనే. ఆ వ్యాను టైరుకి నిండు బరువు మీద 65 పౌన్ల గాలి కావాలి. మరిది ఇన్నాళ్ళూ కారుకి పట్టించినట్టు ముప్ఫయ్యయిదు పట్టిస్తున్నాడు, మెత్తగా పోతుందని.

చట్టం కూడా ఈ లెక్క టైరు దగ్గరే మొదలుపెడుతుంది. 1988 మోటారు వాహనాల చట్టం 58వ సెక్షను ప్రకారం, సామాన్ల బండ్ల లాంటి వాటికి టైర్లు ఎన్ని, ఏ రకం, ఏ సైజు అన్నది చూసే మొత్తం బరువునీ, ఇరుసు బరువునీ నిర్ణయిస్తారు. బండి పుస్తకంలో అవన్నీ రాసి వుంటాయి. మించి వేస్తే 2019 సవరణ తరవాత ఇరవై వేల జరిమానా, పైన ఎక్కువైన ప్రతి టన్నుకీ రెండేసి వేలు. మనం ఆ పుస్తకాన్ని పసుపు కుంకాలు పెట్టి బీరువాలో దాస్తాం. సత్యనారాయణ వ్రతం పుస్తకమైనా ఏడాదికోసారి తెరుస్తాం గదా!

మీ ఇంట్లోనో, అన్నగారింట్లోనో వ్యాను వుంటే, టైర్లు మార్చే రోజున మీరూ కొట్టుకి వెళ్ళండి. చీర కొనేటప్పుడు అంచు తిప్పి చూస్తాం, టైరు పక్క తిప్పి చూడలేమా? బండి పుస్తకంలో ఇరుసు బరువు సగం చేసి, ఆ సగానికి తక్కువ కాని అంకె టైరు మీద వుందా చూడండి. ఐ.ఎస్.ఐ. గుర్తు చూడండి. నాలుగంకెల తేదీ ఒకటుంటుంది. 2319 అంటే 2019లో ఇరవైమూడో వారంలో పుట్టిందని. పచ్చడి జాడీ మీద తేదీ రాసుకునే వాళ్ళకి అది కష్టం కాదు. ఆ తరవాత ధర అడగండి.

టైర్లు నాలుగూ మార్చాం. మిగులుతాయనుకున్న కిరాయి డబ్బులకి ఆరేడు రెట్లయింది. దారిలో దింపేసిన రాళ్ళని మరిది రెండు విడతలుగా, ఐదేసి చొప్పున తెచ్చుకున్నాడు. ఇప్పుడా వంటింటి గట్టు నల్లగా నిగనిగలాడుతోంది. మొన్న వెళ్ళినప్పుడు దాని మీద చెయ్యి ఆనించి నిలబడితే చల్లగా తగిలింది. మా చెల్లెలు బొరుగులు వేయిస్తూ, కొడుకుని కేకేసింది.

“ఒరే, మహానందికి పోతాండారు గదా మీ నాయన వాళ్ళు, బియ్యం మూటలెన్ని ఏసినారో లెక్కపెట్టి రాపో. అట్లనే గాలి చూసినారా అని అడుగు.”

వాడు పరిగెత్తాడు. గోడకి క్యాలెండరు పక్కన, పాలవాడి లెక్కకి కిందగా, బండి పుస్తకం నకలు ఒకటి మేకుకి వేళ్ళాడుతోంది. 2500 అన్న అంకె చుట్టూ ఎవరో కుంకంతో సున్నా చుట్టారు.